ఒక్కటే కణం, అరచెయ్యంత ఒళ్లు.. గా జీవుల ఇంటి మీదికి మిషిన్లు పోతున్నయి

తొమ్మిదో తరగతి సైన్సుల కణం పాఠం అందరం సదివినం. అమీబా బొమ్మ గీసినం, నడుమ న్యూక్లియస్ పెట్టి పెన్సిల్‌తోని దిద్దినం. కణం అంటే ఉత్తగ కంటికి కనవడదు, మైక్రోస్కోపు కావాలె అని సారు చెప్పిండు. మా బడిల మైక్రోస్కోపు బీరువల తాళమేసి ఉంటుండె, గది వేరే ముచ్చట.

గని సముద్రం అట్టడుగుకు పోతే సారు చెప్పిన మాట నిలవడదు. గక్కడ కొన్ని జీవులున్నయి. ఒక్కొక్కటి ఒక్కటే కణం. సైజు సూస్తే కొన్ని నిమ్మకాయంత, కొన్ని అరచెయ్యంత, ఇంకొన్ని 20 సెంటీమీటర్లు దాటుతయి. స్టానోఫిల్లం అనే రకమైతే 25 సెంటీమీటర్ల దాక పరుచుకుంటది, మందం మాత్రం ఒక మిల్లీమీటరు. అచ్చం అప్పడం లెక్క. వీటన్నిటిని కలిపి జెనోఫయోఫోర్లు అంటరు. నోరు తిరుగుడు జర కష్టమే, రెండు మూడు సార్లు అంటే అలవాటైతది. పరాయి వస్తువులను మోసేటివి అని గా పేరుకు అర్థం. ఎందుకు గా పేరొచ్చిందో కిందికి పోతే సమజైతది.

గిప్పుడు గీ ముచ్చట మనకెందుకు అంటరా? ఇవి బతికే జాగల్నే నికెల్, కోబాల్ట్, రాగి, మాంగనీస్ ఉన్న నల్లటి గడ్డలు పరుచుకొని ఉన్నయి. మన చేతిల ఫోన్లకు, రోడ్డు మీద ఉరుకుతున్న కరెంటు బండ్లకు, సోలార్ కరెంటు దాచిపెట్టే బ్యాటరీలకు గవి కావాలె అని కంపెనీలు, సర్కార్లు గా గడ్డల కోసం ఎగవడుతున్నయి. గా లైన్ల మన దేశం సుత ఉన్నది. ఎనకాల కాదు, ముందట్నే ఉన్నది.

ముందుగాల జీవి సంగతి సూద్దాం.

ఒక్క కణం గంత పెద్దగ ఎట్లయితది? మామూలు కణంల ఒక్క న్యూక్లియస్ ఉంటది. దీంట్ల కుప్పలు కుప్పలు ఉంటయి. కణంల ఉండే జీవపదార్థం సన్నటి గొట్టాలల్ల దారాల తీరు పారుతుంటది, నడుమ గోడలుండయి. అందుకే ఎంత పెరిగినా లెక్కకు ఒక్కటే కణం. ఇగ మనం బయటికెల్లి సూసే ఒళ్లు ఉన్నదే, గది నిజానికి ఇల్లు. అడుగున దొరికిన మట్టి రేణువులు, స్పంజుల ముండ్లు, వేరే సన్న జీవుల గుల్లలు ఏరుకొచ్చి, తన జిగురుతోని అతికించి కట్టుకుంటది. గూటి కోసం పుల్ల పుల్ల తెచ్చుకునే పిట్ట తీరు. పరాయి వస్తువులు మోసేటిది అనే పేరు గందుకే. గా ఇంట్ల పానమున్న భాగం చానా తక్కువ, మిగిలిందంత మన్నే.

ఇంకో చిత్రం. ఇది తన పెంటను పారేయదు. నల్లటి ఉండలు జేసి, దండ గుచ్చినట్టు ఇంట్లనే దాస్తది. గా పెంట మీద బ్యాక్టీరియాను పెంచుకొని తింటదేమోనని కొందరు శాస్త్రవేత్తల అనుమానం. మన పెంటకుప్ప, మన ఎరువు లెక్కనే అన్నమాట. సీసం, యురేనియం, పాదరసం అసుంటి బరువు లోహాలు సుత దీని ఒంట్ల జమయితయి, అయినా బతుకుతది. అడుగున నీళ్లు ఐస్ లెక్క సల్లగ ఉంటయి, సూర్యుని వెలుగు అస్సలు రాదు, మీదికెల్లి రాలే చచ్చిన జీవుల తునకలే బువ్వ. అయిదు కిలోమీటర్ల లోతుకు పోతే గాలి ఒత్తిడికి అయిదు వందల రెట్ల బరువు మీద వడుతది. 2011 జులైల అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థోళ్లు మరియానా ట్రెంచ్‌ల కెమెరాలు దించితే, 10,641 మీటర్ల లోతుల సుత ఇవి కనవడ్డయి. ఎవరెస్టును తీస్కపోయి గండ్ల ముంచినా ఇంకా పైన దగ్గర దగ్గర రెండు కిలోమీటర్ల నీళ్లుంటయి, గంత లోతు.

ప్రపంచంల అన్నిటికంటె పెద్ద ఒంటి కణం ఇదే అని కొన్ని వీడియోలల్ల చెప్తున్నరు. గట్ల ఖుల్లంగా చెప్పుడు సరికాదు. కాలెర్పా అనే సముద్రపు నాచు సుత ఒక్కటే కణం, గది మీటర్ల పొడుగు పాకుతది. ఎవ్వలు పెద్ద అనే పంచాయితి పక్కకు పెట్టుండ్రి, సముద్రం అడుగున మాత్రం వీటికి సాటి లేదు.

గంత పెద్దగున్నా ఎన్కటి శాస్త్రవేత్తలకు ఇవి ఏందో సమజ్ కాలేదు. 1882ల స్కాట్లండ్ దగ్గర సముద్రంల ఒకటి దొరికితే, 1883ల హెన్రీ బ్రాడీ అనే ఆయన దానికి సిరింగమినా ఫ్రాజిలిసిమా అని పేరువెట్టిండు. ఫ్రాజిలిసిమా అంటే మస్తు పెళుసు అని. ముట్టుకుంటే పొడి పొడి అయితది. ఆరేండ్లకు హెకెల్ అనే పెద్ద శాస్త్రవేత్త గిసుంటియే చూసి ఇవి స్పంజులని రాసిండు. గదే అసలు సమస్య. వలేసి గుంజితే పైకి వచ్చేసరికి ముక్కలైతయి. బురద తునకలని పారేసినవి ఎన్ని ఉన్నయో. అడుగుకు కెమెరాలు, రోబోలు దించినంకనే ఇవి ఎంత మందంగ పరుచుకొని ఉన్నయో లోకానికి తెల్సింది.

మరి ఒక్క కణం జీవి పోతే ఏంది, ఉంటే ఏంది? ఈ ప్రశ్న మస్తు మంది అడుగుతరు, అడుగుడు తప్పు గాదు. జవాబు ఏందంటే, గది ఒక్కటే ఉండదు. చదునుగ, బురదగ ఉన్న గా మైదానంల గది కట్టుకున్న ఇల్లే చిన్న చిన్న పురుగులకు, నత్తలకు, నక్షత్ర చేపల చుట్టాలకు అడ్డా. మెక్సికో దగ్గర పసిఫిక్ సముద్రం అడుగుకెల్లి తెచ్చిన జెనోఫయోఫోర్లను పగలగొట్టి చూస్తే, లోపట స్నెయిల్‌ఫిష్ అనే చేప పెట్టిన గుడ్లు, గుడ్లల్ల పిల్లలు దొరికినయని లీసా లెవిన్, గ్రెగ్ రౌజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2020ల రాసిన్రు. ఒక్క కణం గల్ల జీవి, వెన్నెముక ఉన్న చేపకు బాలింతల వార్డు అయ్యింది! మన చెరువుల తుంగ పీకేస్తే చేప పిల్లలు ఏమైతయో చెరువు మీద బతికే ముదిరాజ్, గంగపుత్ర అన్నలను అడుగుండ్రి, వాళ్లే మంచిగ చెప్తరు.

ఇగ గడ్డల సంగతి. ఆలుగడ్డ సైజుల ఉంటయి, నల్లగ. సొరచేప పన్నో, గుల్ల ముక్కో నడుమ ఉంటే, దాని చుట్టు నీళ్లల్ల ఉన్న లోహాలు పొర మీద పొర పేరుకుంటయి. పది లక్షల ఏండ్లకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతది. అంటే ఒక గడ్డను ఇయ్యాల ఏరితే, గసుంటిది మల్ల తయారయ్యే వరకు మనుషుల జాతి ఉంటదో పోతదో. బొగ్గు లెక్క, గ్రానైటు లెక్క ఇది సుత ఒక్కసారి తీస్తే ఒడిసినట్టే.

ఈ గడ్డలు ఎక్కువ ఉన్నది హవాయి, మెక్సికో నడుమ పసిఫిక్‌ల ఉన్న క్లారియన్-క్లిప్పర్టన్ ప్రాంతంల. మన దేశం కంటె పెద్ద జాగ అది. అక్కడ మైనింగ్ కోసం కేటాయించిన రెండు మూడు తావులల్ల చూస్తేనే 36 రకాల జెనోఫయోఫోర్లు దొరికినయి, అండ్ల 34 అప్పటి దాక సైన్సుకు తెల్వనియి. బ్రిటన్ శాస్త్రవేత్త ఆండ్రూ గూడే టీం 2017ల గీ సంగతి రాసింది. కొన్ని బురదల ఉంటయి, ఇంకొన్ని గా గడ్డల మీదనే అతుక్కొని పెరుగుతయి. 2023ల వచ్చిన ఇంకో లెక్క ప్రకారం గా ప్రాంతంల ఉన్న జంతువుల్ల పదింట తొమ్మిదికి ఇంకా పేరే పెట్టలేదు. పేరు పెట్టకముందే ఇల్లు ఖాళీ చేయమంటున్నరు.

మన దేశం సంగతికొద్దాం, ఎందుకంటె పేపర్లల్ల ఇది మూలకు ఒక చిన్న వార్త లెక్క వచ్చి పోతది. 1981 జనవరి 26 నాడు గవేషణి అనే మన పరిశోధన ఓడ అరేబియా సముద్రంల మొదటిసారి ఈ గడ్డలను పైకి తీసింది. 1987ల హిందూ మహాసముద్రం నడుమ మనకు జాగ కేటాయించిన్రు, ఈ హోదా అందరికంటె ముందు దొరికింది మనకే. 2002ల అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతోని ఒప్పందం చేసుకున్నం. ఇప్పుడు మన చేతిల 75,000 చదరపు కిలోమీటర్లు ఉన్నది. తెలంగాణల మూడింట రెండొంతులు అనుకోండ్రి. అండ్ల 38 కోట్ల టన్నుల గడ్డలున్నయని సర్కారు అంచనా. నికెల్ 47 లక్షల టన్నులు, రాగి 43 లక్షల టన్నుల దాక, కోబాల్ట్ అయిదున్నర లక్షల టన్నులు. 2021ల కేంద్రం డీప్ ఓషన్ మిషన్ పేరు మీద 4,077 కోట్లు మంజూరు చేసింది. గదే ఏడు చెన్నైలోని ఎన్ఐఓటీ తయారు చేసిన వరాహ అనే మిషిన్ 5,270 మీటర్ల లోతుల నడిచింది. ముగ్గురు మనుషులను 6,000 మీటర్లకు తీస్కపోయే మత్స్య-6000 తయారైతున్నది. గందుకు ట్రైనింగ్ కింద 2025 ఆగస్టుల మనోళ్లు ఇద్దరు ఫ్రాన్స్ వాళ్ల జలాంతర్గామిల అట్లాంటిక్‌ల దిగిన్రు, ఒకాయన 5,000 మీటర్లు దాటిండు.

గర్వపడే సంగతే. నేను కాదనను. నికెల్, కోబాల్ట్ మొత్తం మనం బయటికెల్లే కొంటున్నం. చైనా చేతిల ధర ఉంటది, మన చేతిల సంచి ఉంటది. గట్ల ఎన్ని రోజులు అని ఢిల్లీలున్నోళ్లు అనుకుంటె తప్పేం లేదు. గని అడుగుకు పోవుడు వేరు, అడుగును ఊడ్చుడు వేరు. ఈ రెంటిని ఒక్కటే సంచిల ఏసి చూపెడుతున్నరు, నా కిరికిరి గక్కడ్నే.

సముద్రం నడుమ, ఏ దేశానికి చెందని అడుగు ఎవ్వలిది? 1982ల దేశాలన్ని కలిసి రాసుకున్న సముద్ర చట్టం ప్రకారం గది మానవజాతి ఉమ్మడి సొత్తు. మన ఊరి గైరాన్ భూమి తీరు. ఒక్కడు కంచె కొట్టుకుంటనంటె నడవదు. గా గైరాన్‌కు పంచాయితి ఆఫీసు జమైకా దేశం కింగ్‌స్టన్‌ల ఉన్నది. వెతుకులాటకు కాగితం ఇస్తరు గని తవ్వి అమ్ముకునేటందుకు నిబంధనలు ఇంకా ఖరారు కాలేదు. 2021ల నౌరూ అనే చిట్టి ద్వీప దేశం, ఒక కంపెనీని ఎనకేసుకొని, రెండేండ్లల్ల రూల్స్ తేవాల్సిందే అని నోటీసు ఇచ్చింది. రెండేండ్లు పోయినయి, 2025 జులై మీటింగు సుత అయిపోయింది, నిబంధనలు రాలేదు. ముప్పై అయిదు దేశాలకు పైన జర ఆగుండ్రి, ముందు తెల్సుకుందాం అంటున్నయి. మన దేశం గా లిస్టుల లేదు.

గీ నడుమల 2025 ఏప్రిల్ 24 నాడు ట్రంప్ ఒక ఆర్డరు మీద సంతకం పెట్టిండు. అమెరికా 1982 చట్టంల ఎన్నడు చేరలేదు, 1980ల తాము ఇంట్ల రాసుకున్న చట్టం కింద మేమే లైసెన్సులు ఇచ్చుకుంటం అని దాని సారం. అయిదు రోజులకే ది మెటల్స్ కంపెనీ అనే కెనడా కంపెనీ, తన అమెరికా శాఖ పేరు మీద దరఖాస్తు పెట్టింది. నౌరూను ముందట పెట్టుకొని వచ్చిన కంపెనీ గిదే. గైరాన్ భూమికి పక్కూరి పట్వారి పట్టా రాసిచ్చినట్టు ఉన్నది యవ్వారం. ఒక్కసారి గీ దారి తెరుచుకుంటె, నిబంధనల కోసం ఆగిన దేశాలన్ని పిచ్చోళ్లయితయి. గప్పుడు మన సర్కారు మీద సుత ఒత్తిడి వస్తది, వాళ్లు తవ్వుతుంటె మనమెందుకు ఊకుంటం అని.

తవ్వితే ఏమైతది? దీనికి జవాబు ఊహ కాదు, లెక్కలున్నయి. 1979ల క్లారియన్-క్లిప్పర్టన్‌ల ఒక మిషిన్‌ను టెస్టు కోసం నడిపిన్రు. 44 ఏండ్లకు బ్రిటన్ శాస్త్రవేత్తలు గదే జాగకు మల్ల పోయి చూసిన్రు, 2025ల నేచర్ పత్రికల రాసిన్రు. టైర్ల అచ్చులు నిన్న దున్నినట్టు ఉన్నయి. గని ఇక్కడ ఒక సంగతి దాచకుండ చెప్పాలె. జెనోఫయోఫోర్లు గా అచ్చులల్లకు మల్ల వస్తున్నయి! అవును, మనం ఇంతసేపు బాధపడ్డ జీవి జరంత మొండిదే. ఎన్కట సముద్రం అడుగున కెమెరా పెట్టి 8 నెలలు చూసినప్పుడు కొన్ని పది రెట్ల దాక పెరిగినయని తేలింది.

అయితే ఖుషీ పడొచ్చా? గదే అధ్యయనం ఇంకో మాట చెప్పింది. అడుగుకు అంటుకొని ఉండే పెద్ద జంతువులు మాత్రం గా అచ్చులల్ల 44 ఏండ్లకు సుత సరిగ్గ రాలేదు. గడ్డ లేకపోతే అతుక్కునేటందుకు గట్టి తావే లేదాయె. జెనోఫయోఫోర్లల్ల సుత బురదల బతికేటివి వస్తయేమో, గడ్డ మీదనే బతికే రకాల సంగతేంది? గడ్డ రావాలంటె లక్షల ఏండ్లు. ఇంకోటి, 1979ల నడిచింది చిన్న టెస్టు మిషిన్. అసలు మైనింగ్ మొదలైతే నడిచేది ఏండ్ల కొద్ది, వేల చదరపు కిలోమీటర్లల్ల. మిషిన్ లేపిన బురద మబ్బు లెక్క లేసి అవుతల పడుతది. మట్టి రేణువును ఒక్కొక్కటి ఏరుకొని ఇల్లు కట్టుకునే జీవి మీద ఒక్కసారే బురద కుమ్మరిస్తే ఎట్లుంటదో, గోదావరి వరదకు ఇసుక మేటలేసిన పొలం రైతుకు నేను చెప్పనక్కర లేదు.

2022ల గదే మెటల్స్ కంపెనీ పెద్ద ఓడతోని 3,000 టన్నులకు పైన గడ్డలు తీసి చూసింది. గా కంపెనీ పైసలతోనే జరిగిన పరిశోధన 2025 డిసెంబరుల అచ్చయింది. మిషిన్ పోయిన దారిల జంతువుల సంఖ్య 37 శాతం, రకాలు 32 శాతం తగ్గినయని తేలింది. కంపెనీ పైసలిచ్చినా శాస్త్రవేత్తలు ఉన్నది ఉన్నట్టు రాసిన్రు, శెభాష్ అనాలె.

తవ్వాలె అనేటోళ్ల వాదన సుత కొట్టిపారేసేది కాదు. కోబాల్ట్ ఎక్కువ శాతం కాంగో నుంచి వస్తది, గక్కడ పిల్లలతోని గనులల్ల పని చేయించిన కథలు లోకమంత చూసింది. నికెల్ కోసం ఇండోనేసియాల అడవులు నరికిన్రు, ఊర్లు ఖాళీ చేయించిన్రు. సముద్రం అడుగున ఊర్లు లేవు, గిరిజనులు లేరు, అడవి లేదు అని కంపెనీలు అంటున్నయి. ఓపెన్‌కాస్టు కింద ఊరు పోయిన గోదావరిఖని, భూపాలపల్లి దిక్కు తమ్ముళ్లకు గీ మాట జర ఆలోచన పుట్టిస్తది. భూమి మీద గనికి కనీసం టెంటు ఏసి, కుర్చీలేసి, మైకు పెట్టి ప్రజాభిప్రాయం అంటరు. మన మాట ఇన్నా ఇనకపోయినా మైకుల తిట్టే అవకాశమన్న ఉంటది. అయిదు వేల మీటర్ల కింద మైకు ఎవ్వలకిస్తరు?

ఇక్కడ చేయకుండ అక్కడ చేస్తం అన్నది సుత ఉత్త మాటనే. సముద్రంల తవ్వినంత మాత్రాన కాంగోల గని మూత పడదు, రెండు నడుస్తయి. పైగ ఎల్ఎఫ్‌పీ అనే బ్యాటరీలు వచ్చినయి, వాటిల్ల నికెల్ ఉండదు, కోబాల్ట్ ఉండదు. మన రోడ్ల మీద కరెంటు కార్లల్ల మస్తుగ వాడుతున్నరు. పాత ఫోన్ల బ్యాటరీలు పాత సామాన్లోళ్లకు కిలోల లెక్కన పోతున్నయి, వాటిల్లకెల్లి కోబాల్ట్ సరిగ్గ తీసుడు ఇంకా మనకు పెద్ద ఎత్తున అలవాటు కాలేదు. ముందు గది చేయకుండ అయిదు కిలోమీటర్ల లోతుకు పైపు దించుడు, ఇంట్ల బియ్యం పురుగుపట్టంగ పక్క జిల్లాల వడ్ల కోసం పోయినట్టుంటది.

మన నాడ్యూల్స్ ఒప్పందం గడువు 2022ల అయిదేండ్లు పెంచిన్రు. అంటె 2027 దగ్గర్నే ఉన్నది. ఇరవై అయిదేండ్ల నుంచి మన శాస్త్రవేత్తలు గా 75,000 చదరపు కిలోమీటర్లల్ల సర్వే చేస్తున్నరు. 1997ల గోవా ఎన్ఐఓ వాళ్లు అడుగును కావాలని కదిలించి, జీవుల మీద ఏం ప్రభావం పడ్తదో సుత పరీక్షించిన్రు. గసుంటి లెక్కలన్ని ప్రజల పైసలతోని వచ్చినయి. అక్కడ ఏ జీవులు ఎన్ని ఉన్నయి, ఎంత జాగ ముట్టకుండ ఇడిసిపెడుతరు, బురద మబ్బు ఎంత దూరం పోతది, ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలుగుల, హిందీల, తమిళంల మనసుంటోళ్లకు అర్థమయ్యే తీరుగ గడువు పెంచకముందే బయట పెట్టాలె. పార్లమెంటుల మన ఎంపీలు గీ ప్రశ్న అడిగేటందుకు ఇంకా టైమున్నది. సముద్రం లేని తెలంగాణకు ఎందుకు అనొద్దు. సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ ఆఫీసు ఉన్నది హైదరాబాదుల్నే, డీప్ ఓషన్ మిషన్ నడిపే కేంద్ర శాఖ కిందనే గది పని చేస్తది.